కరీమున్నీసా వీపు మీది ఎనిమిది గళ్లు

మాచర్లకు వచ్చిన రైలు ఆపైన ఎక్కడికీ పోదు. పట్టాలు ఒక మట్టి దిబ్బ దాకా వచ్చి, తుమ్మచెట్ల వైపు చూస్తూ ఆగిపోతాయి. అక్కడికి రెండు వీధుల దూరంలో బోరు మోటార్లకు వైరు చుట్టే కాలేషా ఇల్లు. ఆయన భార్య కరీమున్నీసా. ఆ చుట్టూ నాలుగు వీధుల్లో ముస్లిం ఆడమనిషి ఎవరు కన్నుమూసినా చివరి స్నానం, అదే గుసుల్, ఆమె చేతుల మీదుగా జరగాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఇదే వాడుక. అందుకు ఆమె ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. ఎవరైనా చీర పెట్టబోతే, "నేను పోయినప్పుడు మీలో ఒకరు వచ్చి కడగండి, సరిపోయిద్ది," అనేది.

ఆమె కడిగే తీరు వేరు. గదిలోకి ఇద్దరినే రానిచ్చేది. రేగాకు వేసి కాచిన నీళ్లను ముందు తన మోచేతి లోపలి వైపు పోసుకుని చూసేది, పసిబిడ్డకు పోసేవాళ్లు చూసినట్టు. దేహం మీద దుప్పటి తొలగనిచ్చేది కాదు, దాని కిందనే చేయి పోనిచ్చి కడిగేది. కడుగుతున్నంతసేపూ పోయిన మనిషితో మెల్లగా మాట్లాడేది. "ఇటు తిప్పుతన్నా అమ్మా. అయిపోయింది, ఇంక ఎడమ పక్క ఒక్కటే." ఆ గొంతు వినడం కోసమే కొందరు తలుపు బయట నిలబడేవారు. పోయినవాళ్లు ఎక్కడికో వెళ్తున్నారనీ, వెళ్లే ముందు తలదువ్వి సాగనంపుతున్నారనీ అనిపించేది వాళ్లకు.

కిందటేడు ఆగస్టులో మస్తాన్‌బీ కూతురు ఇష్రత్ పోయింది. ఇరవై మూడేళ్లు. తన ప్రాణం తానే తీసుకుంది. ఎందుకన్నది ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఉంటే విన్నవాళ్లు నోరు విప్పలేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో పోస్టుమార్టం అయ్యింది. వీధికి పెద్దదిక్కుగా చెలామణి అయ్యే బీబీ అరుగు మీద నుంచే తీర్పు చెప్పింది.

"తనంతట తాను పోయిన మనిషిని ముట్టుకోమాక కరీమున్నీసా. కావాలంటే ఆసుపత్రోళ్లే రెండు బిందెలు పోసి పంపిస్తారు."

"బిందెలు పొయ్యటానికి అది గచ్చా ఖాలా? ఆడపిల్ల," అని కరీమున్నీసా రేకుపెట్టె చంకనపెట్టుకుని ఆటో ఎక్కింది.

ఆ పెట్టెలో గుసుల్ సామాను ఉంటుంది. సబ్బు, కర్పూరం, ఎండిన రేగాకు, అత్తరు సీసా, దూది, సాంబ్రాణి, కఫన్‌గా ఒంటికి చుట్టే కోరా గుడ్డ. చేతికి చుట్టుకునేందుకు పాత నూలు గుడ్డలు కూడా ఉండేవి. కానీ ఆ రోజు శవాల గది దగ్గర పనిచేసే యేసుపాదం వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు.

"కుట్లుంటయ్ అమ్మా. గుడ్డలతో కాదు. ఇయ్యి తొడుక్కోండి," అని మణికట్టు దాకా వచ్చే మందపాటి రబ్బరు తొడుగుల జత ఇచ్చాడు. మంచిమనసుతోనే ఇచ్చాడు. ఆమెకూ అవి నచ్చాయి. వేడినీళ్లు చురుక్కుమనవు, గుడ్డలా జారిపోవు. ఆ తర్వాత ఎవరిని కడిగినా అవే తొడుక్కుంది. పాతబడితే అలాంటివే ఇంకో జత కొనుక్కుంది.

ఇష్రత్‌ను కడిగి నెల తిరిగేసరికి కరీమున్నీసా చేతుల మీద ఎర్రటి దద్దు లేచింది. ముందు దురద. తర్వాత సన్నటి నీటిపొక్కులు. అవి చిట్లితే తడి, ఎండితే పగుళ్లు. పప్పులో ఉప్పు వేస్తే వేళ్ల సందుల్లో నిప్పురవ్వలు పడినట్టుండేది. ఒకసారి తగ్గుముఖం పట్టేలోపు ఇంకో ఇంటి నుంచి కబురు వచ్చేది, వెళ్లేది, మూడో రోజుకు మళ్లీ పొక్కులు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబులు నాలుగు అయిపోయాయి.

కుళాయి దగ్గర మాట పుట్టింది. ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు గానీ దానికి బీబీ గొంతు ఉంది.

"ఆ పిల్లను కడిగిన చేతులమ్మా అయ్యి. పాపం ఊరికే పోద్దా, నీళ్లలో దిగి చేతులకెక్కింది."

మాట నెమ్మదిగా నడిచింది, కానీ అన్ని ఇళ్లకూ వెళ్లింది. చలికాలం వచ్చేసరికి జనం విజయపురి సౌత్ నుంచి వేరే ఆవిడను పిలిపించడం మొదలుపెట్టారు. జనవరిలో ఒక కబురు. ఫిబ్రవరిలో ఒక్కటీ లేదు. వీధిలో జనాజా వెళ్తుంటే కరీమున్నీసా కిటికీలో నిలబడి చూసింది. కాళ్ల వేళ్ల మధ్య నీళ్లు సరిగా పోశారో లేదో అని ఆమె మనసు ఆ పాడె వెంట నడిచింది.

అప్పుడే ఇంకో సంగతి జరిగింది. చేతులు మానాయి. కొత్త చర్మం లేత గులాబీ రంగులో వచ్చి, మార్చి నాటికి మచ్చలు కూడా పలచబడ్డాయి. కాలేషా సంతోషించాడు. వీధి ఇంకా సంతోషించింది.

"చూశారా, కడగటం మానేసింది, తగ్గింది. ఇంకేం రుజువు కావాలి," అంది బీబీ.

చేతులు మండినప్పుడు కూడా కరీమున్నీసాకు నిద్ర పట్టింది. మానాక పట్టలేదు. ఒకవేళ నిజమేనా అన్న అనుమానం, చెప్పులో ముల్లులా, అడుగు వేసినప్పుడల్లా గుచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ వచ్చింది. కూతురు పోయాక ఆమె వీధిలో గోడవారగా నడవడం నేర్చుకుంది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, కరీమున్నీసా చేతులవైపు చూసింది.

"ఆపా, నా బిడ్డ నిన్నేం చేసింది?"

కరీమున్నీసా చేతులు కొంగులోకి లాక్కుంది.

"ఏం చెయ్యలా," అంది.

"అందరూ అంటన్నారుగా. బతికున్నప్పుడు ఎవురినీ ఒక్క మాట అన్లేదు ఆపా అది. పోయినాక మనుషులకు రోగాలు తెస్తందంట. నువ్వు చెప్పు. నీ చేతులుగా. నువ్వు కాదంటే కాదని నమ్ముతా."

కాదు అనడం ఎంతసేపు. కానీ ఆ ఒక్క మాట ఊరికే అనేస్తే రేపు కుళాయి దగ్గర అది నిలబడదు. జాలికి అన్న మాటైపోతుంది. కరీమున్నీసా లేచి ఆమె చేయి పట్టుకుని లోపలికి లాగింది.

"తేలుస్తా. నీకొక్కదానికే కాదు, అందరి ముందూ చెప్తా. ఈలోపు నువ్వు గోడవారగా నడవమాక. నడిరోడ్డు మీద నడువు."

ఏప్రిల్‌లో ఆమె నరసరావుపేట బస్సెక్కింది. గురజాల దాటాక పిడుగురాళ్ల సున్నం దుమ్ము కిటికీలోంచి వచ్చి కనురెప్పల మీద వాలింది. ఆసుపత్రిలో చర్మం డాక్టరు సాయిసాత్విక. చిన్న వయసు. మాట మెత్తన, చూపు గట్టి. చేతులు తిప్పి తిప్పి చూసింది.

"ఇది అలర్జీలా ఉందమ్మా. దేనికో తెలియాలంటే ప్యాచ్ టెస్ట్ చెయ్యాలి. వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటిస్తాం. ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం. రెండు రోజులు ఉంచి తీస్తాం, ఇంకో రెండు రోజులకు మళ్లీ చూస్తాం. ఏది పడదో అక్కడ చర్మమే చెప్తుంది. రెడీమేడ్ కిట్ మా దగ్గర అయిపోయింది, రావడానికి రెండు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆగలేకపోతే మీరు వాడేవే పట్టుకురండి. వాటితోనే చేద్దాం."

"ఆగలేనమ్మా."

"అయితే మీ వస్తువులన్నీ తెండి. ఒక్కటి కూడా వదలొద్దు."

మీ వస్తువులు అంది డాక్టరు. కరీమున్నీసా తన వస్తువులే తీసుకెళ్లింది. తను రుద్దుకునే సబ్బు, కొబ్బరినూనె, పౌడరు, సుర్మా, గోరింటాకు, గిన్నెలు తోమే సబ్బు, పసుపు. రేకుపెట్టె మంచం కిందే ఉంది. దానివైపు ఆమె చూడనైనా లేదు. అందులోవి తనవి కావు. పోయినవాళ్లవి. ఎవరి చేతిలో ఉన్నా అవి వాళ్ల వంతుకు ఉంచిన అమానతు. ఇరవై రెండేళ్లలో ఆ సబ్బుతో ఆమె ఒక్కసారి కూడా తన చేయి కడుక్కోలేదు. డాక్టరు ఏం పని చేస్తారని అడిగినప్పుడు కూడా "ఇంటి పని" అని ఊరుకుంది. గుసుల్ మాట వింటే ఈ పిల్ల కూడా కుర్చీ వెనక్కి జరుపుకుంటుందేమోనని ఓ చిన్న భయం.

నాలుగు రోజుల తర్వాత వీపు తెల్ల కాగితంలా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క ఎరుపు లేదు.

సాయిసాత్విక ఆమె చేతులు మళ్లీ చూసింది. "ఇంట్లో పని మీరు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. చేతులు మాత్రం ఫిబ్రవరి నుంచి తగ్గాయి. అంటే ఫిబ్రవరిలో మీరు ఏదో మానేశారు. అదేంటో నాకు చెప్పట్లేదు."

కరీమున్నీసా చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత చెప్పింది. గుసుల్ గురించి, ఇష్రత్ గురించి, కుళాయి దగ్గరి మాట గురించి. "మా వాళ్లు ఆ పిల్ల వల్లేనంటన్నారు డాక్టరమ్మా. కడగటం మానంగానే తగ్గిందిగా."

డాక్టరు కుర్చీ వెనక్కి జరపలేదు. ముందుకు జరిపింది.

"మానితే తగ్గిందంటే, ఆ పనిలో మీ చేతికి తగిలేదేదో పడట్లేదని. వస్తువు అయ్యుంటుంది. ఆ సామాను తెచ్చారా?"

"అవి నావి కాదుగా."

"మీ చేతులు మీవేగా," అంది సాయిసాత్విక.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే కాలేషా చేతిలోని రాగి తీగ కింద పెట్టేశాడు.

"ఏమే, మయ్యత్తు సామాను తెచ్చి బతికున్న ఒంటికి అంటించుకుంటావా? చేతులు తగ్గినయ్. దేవుడి దయ. ఇంక ఊరుకోరాదా."

"నా చేతులు తగ్గినయ్. మస్తాన్‌బీది తగ్గిందా?"

ఆయన మళ్లీ తీగ చేతికి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఎక్కడ వాదన ఆపాలో ఆయనకు తెలుసు.

బీబీకి తెలియదు. ఆదివారం పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడింది. "చచ్చినోళ్ల కర్పూరం వీపుకు పూసుకుంటన్నావంట. ఇంటి మీదికి చావును పిలుస్తన్నావా? నువ్వు పోతే నిన్నెవరు కడుగుతారే?"

"నేను కడిగినోళ్లెవరూ నన్ను చంపటానికి రారు ఖాలా. చానా మంచోళ్లు. బతికున్నోళ్లతోనే ఇబ్బంది," అని కరీమున్నీసా బియ్యం చెరగడంలో పడింది.

మే నెల మొదటి సోమవారం, రేకుపెట్టె నరసరావుపేట చేరింది. సాయిసాత్విక ఒక్కో వస్తువూ బయటకు తీసి బల్ల మీద పేర్చింది. సబ్బును అలాగే పెడితే ఎవరి చర్మమైనా మండుతుందని నీళ్లలో బాగా పలచన చేసింది. కర్పూరం, అత్తరు వేజలీన్‌లో కలిపింది. రేగాకు నూరింది. సాంబ్రాణి పొడి, దూది, కోరా గుడ్డ ముక్క. ఏడు. పెట్టె అడుగున రబ్బరు తొడుగులు కనిపించాయి.

"ఇవి?"

"అవి చేతులు కాపాడేయి డాక్టరమ్మా. వాటినెందుకు."

సాయిసాత్విక కత్తెర తీసి ఒక తొడుగు అంచు నుంచి వేలిగోరంత ముక్క కత్తిరించింది. అది ఎనిమిది.

బొట్టుబిళ్లంత అల్యూమినియం గిన్నెల్లో అన్నీ సర్ది, టేపుతో వీపుకు అంటించి, పక్కన పెన్నుతో నంబర్లు వేసింది. "రెండు రోజులు నీళ్లు తగలకూడదు, చెమట పట్టకూడదు, బరువు ఎత్తకూడదు. టేపు ఊడితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. బుధవారం సాయంత్రంలోపు రండి."

పల్నాడులో మే నెలలో చెమట పట్టకూడదని చెప్పడం తేలిక. కరీమున్నీసా కూలరు ముందు వీపు పెట్టి కూర్చుంది. కాలేషా గంటకోసారి వచ్చి టేపు అంచులు నొక్కి పోయేవాడు. ఒకసారి నంబర్లు చూసి నవ్వాడు. "మోటారుకు సీరియల్ నంబరేసినట్టు ఏసిందే. వారంటీ ఎన్నాళ్లో రాయలా."

"నువ్వు నన్ను తెచ్చుకున్న రోజే అయిపోయిందిలే వారంటీ," అంది ఆమె.

లోపల మాత్రం నవ్వు లేదు. వీపు మీద ఎనిమిది చోట్ల ఎనిమిది చిన్న తలుపులు ఉన్నట్టూ, వాటి వెనక ఎవరో కూర్చుని సాక్ష్యం రాస్తున్నట్టూ ఉండేది. ఏదీ పలకకపోతే? ఎనిమిదీ తెల్లగా ఉండిపోతే? అప్పుడు మస్తాన్‌బీకి ఏం చెప్పాలి?

బుధవారం తెల్లవారి, నమాజు అయిన కాసేపటికి తలుపు చప్పుడైంది. బీబీ. తల మీద కొంగు సరిగా లేదు.

"మా అత్త పోయింది," అంది.

"ఇన్నాలిల్లా," అని కరీమున్నీసా లేచి నిలబడింది.

"విజయపురి సౌత్ ఆవిడకు ఫోన్ చేశాం. ఆమె కూతురింటికి పోయిందంట, రేపటికి గానీ రాదు. ఈ ఎండకు అప్పటిదాకా ఉంచలేం. మధ్యాహ్నం జొహర్ నమాజు లోపు ఎత్తాలి." బీబీ ఇంతవరకు చెప్పి, జారిన కొంగు తల మీదికి లాక్కుంది. రమ్మని మాత్రం అడగలేదు.

"వస్తన్నా పద," అంది కరీమున్నీసా.

వీధి మలుపు తిరిగాక ఆమెకు టేపు గుర్తొచ్చింది. దేహాన్ని ఎత్తితే వీపు కండరాలు కదులుతాయి. వేడినీళ్ల ఆవిరి, మూసిన గది, చెమట. అరగంటలో అంతా ఊడిపోతుంది. పైగా తొడుగులు తొడుక్కోవాలా, వద్దా? జవాబు ఇంకా వీపు మీదే ఉంది. ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్క మయ్యత్తునూ కాదనలేదు. ఈ పూట కాదంటే ఈ వృద్ధురాలికి అన్యాయం. అవునంటే ఇష్రత్‌కు. ఆమె నడక నెమ్మదించింది. తర్వాత దారి మార్చి, మస్తాన్‌బీ ఇంటి ముందు ఆగింది.

"మస్తాన్, కాళ్లూ చేతులూ కడుక్కుని ఒజూ చేసుకుని రా."

మస్తాన్‌బీని వెంటబెట్టుకుని వచ్చేసరికి బీబీ వాకిట్లో ఉన్న ఆడవాళ్ల మధ్య గుసగుస లేచింది. బీబీ అడ్డం వచ్చింది. "ఈమెందుకు?"

"నేను నీళ్లు ముట్టుకోకూడదు. నేను చెప్తా, ఈమె కడిగిద్ది."

"ఈమా? మా అత్తనా?"

"వేరే ఎవురన్నా వస్తే రమ్మను ఖాలా. అదిగో అంతమంది ఉన్నారుగా." కరీమున్నీసా వాకిలంతా ఒకసారి చూసింది. కొందరు పైట సర్దుకున్నారు. కొందరు పిల్లల్ని పిలిచారు. ఒకామె చెప్పులు వెతుక్కుంది. "ఎవురూ రారు. ఈమె వస్తంది. వద్దంటే చెప్పు, ఇద్దరం ఇంటికి పోతాం."

బీబీ పక్కకు జరిగింది.

గదిలో కరీమున్నీసా ఓ మూల స్టూలు మీద కూర్చుంది, వీపు గోడకు తగలకుండా. మస్తాన్‌బీ చేతికి శుభ్రమైన నూలు గుడ్డ చుట్టుకుంది. ఆసుపత్రి రోజున ఆమెను లోపలికి రానివ్వలేదు. తన కూతురికి పోయాల్సిన నీళ్లు ఇన్ని నెలలుగా ఆ చేతుల్లోనే ఉండిపోయాయి.

"ముందు కుడి పక్క," అంది కరీమున్నీసా. "మెల్లగా పొయ్యి. తొందరేం లేదు. ఆమెకేం తొందరా? మనకేగా."

మస్తాన్‌బీ పోసింది. రేగాకు వాసన గదినిండా తేలింది. మొదటి చెంబుకు ఆమె ఏడ్చింది, రెండో దానికి పెదవులు కొరుక్కుంది, మూడోదానికి మాట్లాడడం మొదలుపెట్టింది. "ఇటు తిప్పుతన్నా అమ్మా. ఇదిగో, అయిపోయింది." కరీమున్నీసా ఇంక ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది అయిపోయింది.

జనాజా కదిలాక ఆమె పన్నెండున్నర బస్సు అందుకుంది. వీపు సీటుకు ఆన్చకుండా, ముందు సీటు కమ్మీ పట్టుకుని, వంగి కూర్చుని నరసరావుపేట దాకా ప్రయాణించింది. టేపు ఒక మూల లేచింది గానీ ఊడలేదు. సాయిసాత్విక బిళ్లలన్నీ తీసి, అరగంట ఆగి చూసింది. ఎనిమిదో గడి దగ్గర సన్నగా గులాబీ రంగు.

"ఇప్పుడే ఏం చెప్పలేను. టేపు ఒరుసుకున్నా అంత ఎరుపు వస్తుంది. అదే అయితే రేపటికి పోతుంది. నిజంగా పడనిదైతే పెరుగుతుంది. శుక్రవారం చూద్దాం. అంతవరకు స్నానం వద్దు."

"నాలుగు రోజులు నీళ్లు లేవంటే పక్కింటోళ్లే నన్ను కడగటానికొస్తారు డాక్టరమ్మా," అంటే సాయిసాత్విక పడిపడి నవ్వింది.

గురువారమంతా దురద పుట్టింది. ఒకే చోట. వెన్నెముకకు కుడివైపు, చేయి అందీ అందని చోట. గోకకూడదు. కరీమున్నీసా పళ్లు బిగించి కూర్చుని, ఆ దురదను ఇష్టంగా భరించింది. పెరుగు, ఇంకా పెరుగు అంది మనసులో.

శుక్రవారం పదకొండింటికి సాయిసాత్విక ఆమె వీపును ఫోనులో ఫొటో తీసి చూపించింది. ఏడు నంబర్ల పక్కన మామూలు చర్మం. ఎనిమిదో నంబరు పక్కన ఎర్రగా ఉబ్బిన గుండ్రటి మచ్చ, దాని మీద చిన్న చిన్న నీటిపొక్కులు. చేతుల మీద వచ్చినవే.

"తొడుగులమ్మా. రబ్బరు సాగడానికి, గట్టిపడడానికి కొన్ని రసాయనాలు కలుపుతారు. చాలామందికి ఏం కాదు. కొందరికి వాడగా వాడగా ఒంటికి పడకుండా పోతుంది. మీరు మొదటిసారి ఇవి ఎప్పుడు తొడుక్కున్నారు?"

"ఆ పిల్లను కడిగిన రోజే."

"అదీ సంగతి. ఆ రోజు మీకు రెండు జరిగాయి. మీ వాళ్లు ఒకటే చూశారు."

కరీమున్నీసా ఫోనులోని తన వీపును చాలాసేపు చూసింది. యాభై రెండేళ్లలో దాన్ని చూడడం అదే మొదలు. తర్వాత అడిగింది. "అత్తరు?"

"మంచిదే."

"కర్పూరం, రేగాకు?"

"అన్నీ మంచివే. మీరు నిక్షేపంగా కడగొచ్చు. పలచటి ప్లాస్టిక్ తొడుగులు రాసిస్తాను, లోపల నూలువి వేసుకోండి. రబ్బరు మాత్రం ముట్టుకోవద్దు."

డాక్టరు అదంతా ఇంగ్లీషులో రాస్తుంటే ఆమె ఆపింది. "తెలుగులో రాయండి. పెద్ద అక్షరాలతో."

మధ్యాహ్నం రెండు దాటాక మాచర్ల బస్టాండులో దిగి ఆమె ఇంటికి వెళ్లలేదు. బీబీ ఇంట్లో మూడో రోజు జియారత్. మగవాళ్లు మసీదు నుంచి వచ్చి తిని వెళ్లిపోయారు. లోపలి గదిలో ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఖురాను పారాలు చదివి ముగించి, షర్బత్ తాగుతున్నారు. ఇరవై ఐదు మంది ఉంటారు. మస్తాన్‌బీ గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చుని ఉంది.

కరీమున్నీసా వెళ్లి గది మధ్యలో నిలబడింది. వీధి తలుపు వేయమంది. వేశారు. అప్పుడామె వెనక్కి తిరిగి రవిక హుక్కులు విప్పి, వీపు మీది నుంచి పైట తొలగించింది.

నాలుగు రోజుల చెమట వాసన గదిలోకి వచ్చింది. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఆమె లెక్కచేయలేదు.

"నంబర్లున్నయ్ చూడండి. ఒకటి సబ్బు. రెండు కర్పూరం. మూడు అత్తరు. నాలుగు రేగాకు. ఐదు సాంబ్రాణి. ఆరు దూది. ఏడు కఫన్ గుడ్డ. వాటికేమన్నా అయిందా? ఎనిమిదో నంబరు చూడండి. రబ్బరు తొడుగులు. ఆసుపత్రిలో నేను మొదటిసారి తొడుక్కున్నయ్. నా చేతులు పాడుచేసింది అయ్యి. ఇష్రత్ కాదు. డాక్టరు కాయితం కూడా రాసిచ్చింది, తెలుగులోనే. చదవటం వచ్చినోళ్లు చదవండి, రానోళ్లు నా వీపు చూడండి."

ఒకామె లేచి దగ్గరికొచ్చి చూసింది. ఇంకొకామె. పొక్కులున్న ఎరుపు మచ్చను చూసి, "మీ చేతుల మీద అప్పుడు లేచినయ్యే ఇయ్యి," అని గొణిగింది. బీబీ కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

"తొడుగులైతే తొడుగులేలే," అంది. "ఆ పిల్ల చేసిన పని మాత్రం తప్పు కాకుండా పోద్దా?"

"దాని లెక్క అల్లా దగ్గరుంది. ఆయన్ని చూసుకోనీ. నా చేతుల లెక్క మాత్రం నేను చూసుకున్నా." కరీమున్నీసా తల తిప్పకుండానే చెప్పింది. "ఇంకోటి. మీ అత్తను బుధవారం కడిగింది మస్తాన్‌బీ. ఒక్క చోటు పొడి వదల్లా. ఇయ్యాళ్టి నుంచి ఎక్కడికి పోయినా నేనూ ఆమే పోతాం. మా చేతుల్తో కడిగించుకోవటం ఇష్టం లేనోళ్లు ఎవురన్నా ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా. తర్వాత మీరు చెప్పలేరు."

ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. వద్దన్నవాళ్లు లేరు.

మస్తాన్‌బీ గుమ్మం దగ్గర నుంచి లేచింది. అందరి మధ్యలోంచి, చాప మీద అడుగులు వేసుకుంటూ వచ్చి, కరీమున్నీసా వెనక ఆగింది. ఎర్రటి మచ్చ చుట్టూ వేలు పెట్టీ పెట్టనట్టు తిప్పి, "ఇష్రత్ కాదు," అంది పైకి, అందరికీ వినపడేలా. ఆగస్టు తర్వాత ఆ పేరు ఆమె గొంతులోంచి వీధిలో ఎవరూ వినలేదు. ఆమె మళ్లీ చెప్పుల దగ్గరికి వెళ్లలేదు. చాప మధ్యలో, ఇద్దరి నడుమ సందు చేసుకుని కూర్చుంది. పక్కనున్నావిడ షర్బత్ గ్లాసు ఆమె వైపు జరిపింది.

"ఇంకా చూడనోళ్లు ఉన్నారా?" అని అడిగింది కరీమున్నీసా.

కళ్లద్దాలు సర్దుకుంటూ ఒక ముసలావిడ లేచింది, ఆమె వెనక మరొకావిడ. చివరకు గోడ పట్టుకుని బీబీ కూడా లేచి వచ్చి, వంగి చూసి వెళ్లింది. ఆ చివరి మనిషి చూసేదాకా కరీమున్నీసా హుక్కులు పెట్టుకోలేదు.